ఎంకపల్లి పెద్దలు చూసిన మూడు హోటళ్ళు

రాష్ట్రం వేరుపడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మొయినాబాద్ మండలానికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్. అంత పొడుగు పేరు ఎవరికీ పట్టదు కాబట్టి ఏపీఎం అనేవారు, ఊళ్ళలో మేడం అనేవారు. మహిళా సంఘాలు నెలనెలా కూర్చుంటున్నాయా, పొదుపు సాగుతోందా, తయారుచేసిన సరుకు అమ్ముకోగలుగుతున్నాయా అని చూసే ఉద్యోగం. నా పైన జిల్లాలో ప్రాజెక్ట్ డైరెక్టర్ ఉండేవారు, ఆయన్ని పీడీ అంటాం. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి స్థిరపడ్డవాళ్ళం. తెలంగాణ మాట అప్పటికే నా చెవికి అలవాటైంది గాని నోటికి ఎక్కలేదు. నేను మాట్లాడుతుంటే సంఘం సమావేశాల్లో ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నాకూ సరదాగానే ఉండేది.

ఆ చలికాలంలో నాకు అప్పగించిన పని పైకి చాలా చిన్నది. పట్నం నడిబొడ్డున ఐదుగురు ఆడవాళ్ళు పది రోజులు ఉండటానికి ఒక హోటల్ చూడాలి.

సంగతి ఏమిటంటే, నాంపల్లి వైపు ఒక మైదానంలో సంఘాల ఉత్పత్తుల మేళా పెట్టేవారు. మొయినాబాద్, చేవెళ్ళ మండలాలకు కలిపి ఒక స్టాల్ ఇచ్చేవారు. మా స్టాల్లో సకినాలు, గారెలు, పసుపు, పప్పులు అన్నీ ఉండేవి కాని జనం ఆగేది జొన్నరొట్టె కోసం. ఎంకపల్లి అనే ఊరి మంజుల పొయ్యి ముందు కూర్చుని చేత్తో తట్టి, పెనం మీద వేసి, అది పొంగగానే తీసి ఇచ్చేది. ఇబ్బంది ఏమిటంటే, మేళాకు జనం దీపాలు పెట్టాక వస్తారు. మా వాళ్ళేమో మెహదీపట్నంలో బస్సు అందుకోవాలని దీపాలు పెట్టకముందే పొయ్యి ఆర్పేవారు. రొట్టె కావాలని వచ్చినవాళ్ళకు మూసిన స్టాల్ కనిపించేది. రెండేళ్ళు ఇలా జరిగాక నిర్వాహకులు మా పీడీకి చెప్పేశారు. ఈసారి చివరిదాకా తెరిచి ఉంచకపోతే స్టాల్ ఇంకో మండలానికి ఇస్తామన్నారు. పీడీ గారు మొదటిసారిగా బసకు అనుమతి ఇచ్చారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ప్రభుత్వ ఫైలు మీద హోటల్ గది తీసి చూడు అని కూడా చేర్చి ఉండాల్సింది. మూడు హోటళ్ళ నుంచి కొటేషన్లు తెప్పించాలి. వాటిని పక్కపక్కన పెట్టి ఒక పట్టిక వేయాలి, దాన్ని కంపారటివ్ స్టేట్‌మెంట్ అంటాం. మేళా నుంచి ఎంత దూరం, గదికి ఎంత, స్నానాల గది లోపలా బయటా, ఇలా ఒక్కోదానికీ మార్కులు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు దూరానికి. నేను ఫోన్లో చూసి, ఇంటర్నెట్‌లో జనం రాసిన అభిప్రాయాలు చదివి, మూడింటిని ఎంచాను. అబిడ్స్‌లో ఒకటి, నాంపల్లి స్టేషన్ దగ్గర ఒకటి, కోఠీ వెనక సందులో ఒకటి. నా పట్టికలో అబిడ్స్ హోటల్ మొదటి స్థానంలో ఉంది. మేళాకు నడిచి వెళ్ళేంత దగ్గర, ముందు అద్దాల తలుపు, లోపల లిఫ్టు. కోఠీది కేవలం మూడు అనే లెక్క పూర్తి చేయడానికి రాసుకున్నది.

ఆ దశలో మంజుల వాళ్ళ మామ నన్ను ఇంటికి రమ్మని కబురు పంపారు.

అనంతరెడ్డి గారు ఎంకపల్లికి మాజీ సర్పంచ్. ఊరంతా పటేల్ అనేది. భూమి ఉన్న కుటుంబం, అన్ని పార్టీల వాళ్ళూ వచ్చి టీ తాగే ఇల్లు. మిగతా నలుగురు ఆడవాళ్ళ ఇళ్ళలో అప్పటికి ఎవరూ అవుననలేదు, కాదనలేదు. పటేల్ కోడలు పోతే మా వాళ్ళూ పోతారు, లేకపోతే లేదు అన్నారు. కాబట్టి ఆ స్టాల్ ఉండాలా పోవాలా అన్నది ఆ ఇంటి అరుగు మీద తేలాల్సి ఉంది.

పటేల్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ ఇప్పించి, అప్పుడు మొదలుపెట్టారు.

“రొట్టెలు అమ్ముడుకు నేను ఏనాడన్న అడ్డం వచ్చిన్నా మేడం? లాడ్జిల పండుకునుడు అంటెనే మనసు ఒప్పుత లేదు.”

లాడ్జి కాదండీ, హోటల్ అన్నాను. పేరు మారిస్తే ఇల్లు మారుతదా అని ఆయన అడిగారు. నేను ఫోన్ తీసి బొమ్మలు చూపించాను. ఆయన వాటిని చూడనైనా చూడలేదు. పిల్లనిచ్చే ముందు పెద్దలు పోయి ఇల్లు చూసొస్తారు కదా, కోడల్ని పది రోజులు పంపేటప్పుడు మాత్రం ఎందుకు చూడొద్దు అన్నారు.

ఆయన భార్య లక్ష్మమ్మ గారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

“పట్నపోళ్ళు వచ్చి మన పక్క కనకమామిడిల ఫామ్‌హౌసులు కట్టుకోని పండుకుంట లేరా? వాళ్ళ అత్తమామలు వచ్చి మన బాయిలు చూసిన్రా?”

పటేల్ ఆ మాట విననట్టే, రేపే వెళ్ళి మూడు హోటళ్ళూ చూసొద్దామన్నారు. కాని మర్నాడు ఆఫీసు జీపులో ఆయన పక్కన ఆవిడ కూడా ఎక్కారు, గట్టి అంచు పట్టుచీర కట్టుకుని. నాకు ఒకపక్క విసుగు, ఇంకోపక్క ఎప్పుడూ లేనంత కుతూహలం. నేను అంకెలు వేసి తేల్చిన దాన్ని వీళ్ళు ఎలా తేలుస్తారో చూడాలనిపించింది. జీపు మొయినాబాద్ దాటాక గుర్తొచ్చి, మంజుల రాలేదేం అని అడిగాను. లక్ష్మమ్మ గారు నన్ను వింతగా చూశారు.

“ఇల్లు చూసుడుకు పిల్ల వస్తదా మేడం? పెద్దోళ్ళు చూసి చెప్తరు.”

అబిడ్స్ హోటల్ ముందు దిగాం. నేను నేరుగా లోపలికి నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ లేరు. పటేల్ రోడ్డు దాటి పాన్ డబ్బా దగ్గర నిలబడి ఉన్నారు. ఒక పాన్ కట్టించుకుని, అక్కణ్ణుంచి పక్కనున్న మంగలి షాపుకు వెళ్ళారు. లక్ష్మమ్మ గారు హోటల్ పక్క సందులో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడతో మాటల్లో పడ్డారు. సంబంధం చూసేటప్పుడు పద్ధతి అదేనట. ముందు చుట్టుపక్కల విచారణ, ఇంట్లో అడుగు పెట్టడం ఆఖర్న. పిల్లవాడి గురించి వాళ్ళ నాన్నను అడిగితే ఏం చెప్తాడు, మంగలిని అడగాలి అని పటేల్ నాకు తరవాత వివరించారు.

పావుగంటలో ఇద్దరూ తిరిగొచ్చారు. కింది అంతస్తులో బార్ ఉందని, దాని తలుపు వెనక సందులో ఉందని, శని ఆదివారాల్లో గొడవలని తెలిసింది. ఇంటర్నెట్‌లో ఎంతోమంది ఎన్నో రాశారు గాని ఆ బార్ మాట ఎవరూ రాయలేదు. తాగడానికి వచ్చినవాళ్ళకు అది ఫిర్యాదు కాదేమో.

“పిలగాడు మంచోడే మేడం,” అన్నారు పటేల్ పాన్ నములుతూ. “ఇంటి కిందనే కల్లు కాంపౌండ్ ఉన్నది.”

పైన పటారం లోన లొటారం అంటే ఇదేననుకుని నా పట్టికలో మొదటి పేరు కొట్టేశాను. నిజం చెప్పాలంటే నాకు ఈ ఆట బాగా నచ్చింది.

స్టేషన్ దగ్గరి హోటల్ బయట విచారణలో నెగ్గింది. టీ కొట్టువాడు మంచి మాట చెప్పాడు, ఆటోవాళ్ళు చెప్పారు. అప్పుడు లోపలికి వెళ్ళాం. లక్ష్మమ్మ గారు గది తలుపు గడియ నాలుగుసార్లు వేసి తీశారు. కుళాయి తిప్పి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మారు. తడి చీరలు ఎక్కడ ఆరేసుకోవాలని అడిగితే మేడ మీద తీగ చూపించారు. పటేల్ మేడ ఎక్కి నీళ్ళ ట్యాంకుకు మూత ఉందా లేదా చూసి వచ్చారు. ఇద్దరి ముఖాల్లోనూ తృప్తి కనిపించింది. ఇక తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి అనుకుని నేను కౌంటర్ దగ్గర కాగితాలు బయటికి తీశాను.

మేనేజర్ కుర్రవాడు కాదు, నలభై దాటినవాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆధార్ కాపీలు చూశాడు. అన్నీ రంగారెడ్డి జిల్లావి. తల అడ్డంగా ఊపాడు. లోకల్ ఐడీలకు గది ఇవ్వం మేడం అన్నాడు.

ఈ నియమం గురించి చాలామందికి తెలియదు. ఊళ్ళో ఇల్లున్న మనిషి అదే ఊళ్ళో గది అడిగితే ఏదో తేడా ఉందని కొన్ని హోటళ్ళ లెక్క. చట్టంలో అలాంటిదేమీ ఉన్నట్టు నాకు తెలియదు. పోలీసులతో లేనిపోని తలనొప్పి ఎందుకని వాళ్ళకు వాళ్ళు పెట్టుకున్నది. ఢిల్లీ నుంచి వచ్చినవాణ్ణి ఏమీ అడగరు. ముప్పై కిలోమీటర్ల నుంచి వచ్చిన ఎంకపల్లి మనిషిని మాత్రం ఎందుకొచ్చావని అడుగుతారు.

పటేల్ ముఖం ఎర్రబడింది. సంబంధం చూడ్డానికి వచ్చిన మనిషి, అవతలివాళ్ళు తననే చూసి వద్దంటారని ఊహించలేదు.

“మేమేమన్న దొంగలమా? నేను సర్పంచ్ చేసినోన్ని. నా కోడలు గవర్నమెంట్ పని మీద వస్తున్నది. ఇజ్జత్ లేని ఇల్లనుకుంటున్నవా మాది?”

నిన్నటిదాకా కోడలు హోటల్లో ఉంటే ఇజ్జత్ పోతుందన్న మనిషి, ఇవాళ ఆమెకు గది ఇవ్వకపోతే ఇజ్జత్ పోతుందని పోట్లాడుతున్నారు. నేను పక్కన నిలబడి వింటున్నాను. నవ్వు ఆపుకోవడానికి కష్టపడ్డాను.

నేను ఆఫీసు లెటర్ తీసి, బాధ్యత నాది, నేనూ పక్క గదిలోనే ఉంటాను, సంతకం పెడతాను అన్నాను. మేనేజర్ లెటర్ చదివి కొంచెం ఆలోచించాడు. సరే మేడం, ఆఫీసు వాళ్ళు కాబట్టి ఇస్తా, కాని మగవాళ్ళు ఎవరైనా ఒకరు సంతకం పెట్టాలి అన్నాడు. పటేల్ వైపు తిరిగి, సాబ్, మీరు పెట్టండి చాలు అని పెన్ను అందించాడు.

పటేల్ శాంతించారు. తనను గుర్తించారు కదా. జేబులోంచి కళ్ళద్దాలు తీసి తగిలించుకుని పెన్ను పుచ్చుకున్నారు. నేను కూడా అడ్డం చెప్పాలనుకోలేదు. మార్కులు బాగున్నాయి, మేళా దగ్గర, గది శుభ్రం. ఒక సంతకంతో పోయేది.

అప్పుడు లక్ష్మమ్మ గారు భర్త మోచేతి మీద చెయ్యి వేశారు.

“ఆగు. ఏమన్న అయితే ఇగో ఈమె గాదా ఈడ ఉండేది? నువ్వు ఎంకపల్లిల ఉంటవు. ఆఫీసరమ్మ మాటనే ఈడ చెల్లకపోతే, మన మంజుల మాట ఎవడింటడు? ఎవడన్న తలుపు కొడ్తున్నడు అని కిందికొచ్చి చెప్తె గూడ, మొగోన్ని తోలుకరా అంటడు.”

మేనేజర్ అట్లేం లేదు అమ్మా అని ఏదో అనబోయాడు. పటేల్ పెన్ను కౌంటర్ మీద పెట్టి, కళ్ళద్దాలు మడిచి జేబులో వేసుకున్నారు. బయటికి వచ్చాక ఆయన అన్నది ఒక్కటే మాట, “ఆమె చెప్పింది నిజమే.” ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట నాలుగోసారో ఐదోసారో అంటున్నారని లక్ష్మమ్మ గారు జీపులో నాకు చెప్పారు.

కోఠీ వెనక హోటల్ పాత మేడ. లిఫ్టు లేదు. గోడలకు సున్నం, వరండాలో చెక్క బల్లలు. కౌంటర్లో యజమానే కూర్చున్నాడు, తలపాగా చుట్టుకున్న ముసలాయన. ఊళ్ళ నుంచి పెద్దాసుపత్రికి వచ్చే రోగుల వెంట వచ్చేవాళ్ళు దిగే చోటు అది, కాబట్టి లోకల్, బయట అన్న పట్టింపు లేదు. ఎందరు, ఎప్పుడు దిగుతారు, పొద్దున వేడినీళ్ళు ఎన్ని బకెట్లు అని మూడు ప్రశ్నలు అడిగాడు. నా లెటర్ చూసి, మీ సంతకం చాలు మేడం అన్నాడు. పటేల్ కావాలనే, మగవాళ్ళ సంతకం అక్కర్లేదా అని అడిగారు. ఉండేది ఎవరని ముసలాయన అడిగాడు. ఆడవాళ్ళని చెప్తే, మరి మీకేం పని సాబ్ అన్నాడు. పటేల్ నవ్వేశారు. మేళాకు ఇక్కణ్ణుంచి ఆటోలో పోవాలి. ఐనా సంబంధం కుదిరింది.

ఆ సాయంత్రం ఎంకపల్లి చేరేసరికి మిగతా నలుగురి ఇళ్ళ మగవాళ్ళూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పటేల్ మూడు హోటళ్ళ కథా చెప్పారు. అబిడ్స్ మంగలి, నాంపల్లి మేనేజర్, కోఠీ ముసలాయన, అందరినీ అనుకరించారు. పెన్ను సంగతి మాత్రం కొంచెం మార్చి, తానే విసిరి కొట్టినట్టు చెప్పారు. లక్ష్మమ్మ గారు సరిదిద్దలేదు. అంతా సరే అన్నారు. తోడుగా లక్ష్మమ్మ గారు కూడా వెళ్ళాలని నిర్ణయమైంది. ఆ నిర్ణయం ఎవరు చేశారో నాకు అంతుపట్టలేదు గాని, ఆవిడ సంచీ సర్దుకున్న వేగం చూస్తే ఊహించవచ్చు.

మంజుల నన్ను జీపు దాకా సాగనంపింది. సన్నగా, తక్కువగా మాట్లాడే మనిషి. రూము కిటికీ ఎటు దిక్కు ఉన్నది మేడం అని అడిగింది. గడియ చూశాం, కుళాయి చూశాం, ట్యాంకు మూత చూశాం. కిటికీ మాత్రం మాలో ఎవరమూ చూడలేదు. ఎందుకని అడిగాను.

“పట్నం మస్తుసార్లు పోయిన మేడం. పెండ్లి బట్టలకు, దవాఖానకు, మేళాకు. పొద్దుగూకక ముందే బస్సెక్కుడే. లైట్లు పెట్టినంక పట్నం ఎట్లుంటదో ఇప్పటిదాక చూడలె.”

రోడ్డు వైపే ఉండేలా చూస్తానన్నాను. ఆమె పోవాలనుకుంటోందో లేదో ఆ రోజంతా మేం ఎవరమూ అడగలేదని అప్పుడే తట్టింది.

ఇక ఫైలు. దూరంలో, సౌకర్యాల్లో అట్టడుగున ఉన్న హోటల్‌ను ఎందుకు ఎంచారో రాయాలి. మొదటిదానికి బార్ ఉందని రాశాను. రెండోదానికి, మహిళా అధికారి సంతకాన్ని అంగీకరించలేదు కాబట్టి తిరస్కరించడమైనది అని రాశాను. పీడీ గారు ఫోన్ చేసి, దూరానికే కదమ్మా మార్కులు ఎక్కువ అన్నారు. లక్ష్మమ్మ గారి మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫైలు మీద ‘ప్రతిపాదించినట్లే’ అని రాసి, ఆమోదించి పంపారు.

మేళా ముందురోజు ఐదుగురు ఆడవాళ్ళూ, లక్ష్మమ్మ గారూ, నేనూ కోఠీ హోటల్లో దిగాం. రొట్టెల పెనం, జొన్నపిండి బస్తాలు వరండాలో దించుకున్నాం. కౌంటర్ మీద ముసలాయన రిజిస్టర్ తెరిచి నా వైపు తిప్పాడు. నేను లెటర్ పక్కన పెట్టి పెన్ను తీశాను. మంజుల నా పక్కకు వచ్చి నిలబడింది.

“మేడం, నా సంతకం నేను పెడ్త.”

ఆఫీసు తరఫున నేను ఒక్కదాన్ని పెడితే సరిపోతుందమ్మా అన్నాను. నిజంగానే మంచి ఉద్దేశంతో అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

“సంఘం అప్పు తెచ్చినప్పుడు బ్యాంకుల మా సంతకాలే గదా పెట్టిపిస్తరు మీరు. అన్ని పైసలకు మా మామను అడగలె, మిమ్మల్ని గూడ పెట్టుమనలె. ఒక్క రూము తాళంచెవికి మీ సంతకం ఎందుకు?”

మా సంఘాల పద్ధతే అది. పూచీకత్తుకు మగవాళ్ళు ఉండరు, పొలం కాగితాలు ఉండవు. ఒకరికొకరు ఆడవాళ్ళే పూచీ. వాళ్ళ సంతకాన్నే బ్యాంకు నమ్ముతుంది. ఆ సంతకం నేర్పడానికే నా ఉద్యోగంలో సగం కాలం గడిచింది. వేలిముద్ర వేసే చేతులకు బలపం పట్టించి, పేరు దిద్దించి, బ్యాంకుకు తీసుకువెళ్ళినదాన్ని నేను. స్టేషన్ దగ్గర మేనేజర్ నన్ను కాదని మగవాణ్ణి అడిగినందుకు కోపం తెచ్చుకుని ఫైల్లో ఎక్కించినదాన్నీ నేనే. ఇప్పుడు వాళ్ళను కాదని రిజిస్టర్లో నేనొక్కదాన్నే సంతకం పెట్టబోయాను.

పెన్ను ఆమెకు ఇచ్చాను. తన పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి సంతకం పెట్టింది. తరవాత మిగతా నలుగురూ పెట్టారు. లక్ష్మమ్మ గారు ఆఖర్న పెట్టారు, ఒక్కొక్క అక్షరం నిదానంగా. ముసలాయన ఎవరి గది తాళంచెవి వాళ్ళ చేతికే ఇచ్చాడు. నా లెటర్‌ను మడిచి నాకు తిరిగి ఇచ్చేశాడు.

ఆ పది రోజులూ మా స్టాల్ మేళా మూసేదాకా తెరిచి ఉంది. మరుసటి ఏడాది ఎంకపల్లి పెద్దలకు హోటల్ చూపించాల్సిన పని పడలేదు. మంజులే ఫోన్ చేసి గదులు తీసుకుంది.

నేను పదవీ విరమణ చేసేదాకా ఇంకా చాలాసార్లు ఆడవాళ్ళను చాలా ఊళ్ళకు తీసుకువెళ్ళాను. ఊరి నడిమధ్య ఉందా, గది ఎంత, లిఫ్టు ఉందా అని అడగడం మానలేదు. అవీ కావాలి. కాని వాటికంటే ముందు ఫోన్లో ఒక ప్రశ్న అడిగేదాన్ని: ఉండే మనిషి సంతకం మీకు చాలునా అని. చాలదన్న హోటల్‌ను పట్టికలో చేర్చలేదు. చాలునన్న చోట నేను నా గదికి మాత్రమే సంతకం పెట్టాను.